అవ్వ మాటలకు వాలు అక్షరాలు

ఇంగ్లీషులో వాలు అక్షరాన్ని, అంటే ఇటాలిక్‌ను, ఎవరో కూర్చుని వేరుగా గీస్తారు. రాబర్ట్‌సన్‌పేటలో నేను పనిచేసే డీటీపీ అంగడిలో ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఈసారి పుస్తకానికి వాడిన ఇంగ్లీషు ఫాంటులో అక్షరాల కాళ్ళకు ఇటుకల్లాంటి మందపు దిమ్మెలుంటాయి. దాన్ని ఇటాలిక్ చేస్తే అక్షరం ఒరగడమే కాదు, కొన్నిటి రూపమే మారిపోతుంది. ముందుకు వంగినా కాలు నేల మీద గట్టిగా ఆనుతుంది. భోజనం వేళ అందరూ పోయినాక ఆ అక్షరాల్ని పెద్దవి చేసి చూసుకునేదాన్ని. డైరీలో తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా కంప్యూటర్లోని తెలుగుకు అట్లాంటిది లేదు. బటన్ నొక్కితే నిలబడిన అక్షరాన్ని పక్కకు తోసేస్తుంది, అంతే. తలకట్టు కుడికి పోతుంది. కింది ఒత్తు ఎడమకు జారి పక్క అక్షరం కింద చేరుతుంది.

పుస్తకం బంగారు గని లైన్ల గురించి, అంటే గని కూలీల ఇళ్ళ వరసల్లోని జీవితం గురించి. రాసింది ఒక రిటైరైన మేష్టారు. లైన్లకు పాలూ పెరుగూ మోసిన పల్లె ఆడవాళ్ళు తొమ్మిది మంది మాటల్ని ఇంగ్లీషు మధ్యలో, ఫోటోతో మనిషికొక పేజీగా, తెలుగులోనే వేయాలన్నాడు. వాళ్ళలో ఒకరు క్యాసంబళ్ళి నుంచి పెరుగు కుండ మోసిన మా అవ్వ. పెద్దదయినాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతుంది. తన మాటల్ని తానే చదువుకోవాలని ఆమె ఆశ.

ఇంగ్లీషు పుస్తకంలో వేరే భాష వస్తే వాల్చాలని మా ఓనరు రూలు. తొమ్మిది పేజీలూ వాల్చమన్నాడు. నా చేత్తోనే వాల్చినాను. ప్రింటు తీసి ఇంటికి తీసుకుపోతే అవ్వ మూడో లైను దాటలేకపోయింది.

"నా కండ్లు పోయినట్లుండాది పాపా" అనింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మేము పాడుచేసిన అక్షరానికి ఆమె తన కండ్లను తప్పుపట్టుకుంటోంది.

మా అంగట్లో ఒకరు ప్రూఫు పైకి చదవాలి, ఇంకొకరు రాతప్రతి చూసుకోవాలి. ఎప్పుడూ చదివేది నేనే. మరుసటి రోజు మేష్టారు వస్తే కాగితం ఆయన చేతికిచ్చి మీరే చదవండి సార్ అన్నాను. ఆయన రెండో లైనులో తడబడి, వెనక్కి పోయి, మళ్ళీ తడబడి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఓనరు నవ్వినాడు. "అవ్వల మాటలు ఎవరు చదువుతారు సార్? ఫోటో చూసి పేజీ తిప్పేస్తారు."

మేష్టారూ నవ్వినాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీ అవ్వ పేజీ ఒక్కటి నిలబెట్టుకోమ్మా, నీ కోసం" అన్నాడు.

ఆ నవ్వు కంటే ఆ దయ ఎక్కువ కాల్చింది. మిగతా ఎనిమిది మందికి ఈ అంగట్లో మనవరాళ్ళు లేరని వాళ్ళ మాటలు అట్లే పడి ఉండాలా? వాళ్ళిద్దరూ పోయినాక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తొమ్మిది పేజీలూ నిలబెట్టినాను. వేరే మనుషుల మాటలని తెలియడానికి ఎడమ పక్క కొంచెం చోటు వదిలినాను.

ప్రెస్సుకు పంపేముందు ఓనరు చూసినాడు. "ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలే. వాల్చాలంటే మీరే కూర్చుని వాల్చుకోండి. నేను చేయను."

ఆయన నా కుర్చీలో కూర్చుని, మౌస్ పట్టుకుని, ఎక్కడ నొక్కాలో తెలియక కాసేపటికి లేచిపోయినాడు. ఇంతలో మేష్టారు ఫోన్ చేసి ముందుమాటలో నాకు కృతజ్ఞతలని ఒక లైను చేర్చమన్నాడు. నేను నిలబెట్టింది నా కోసం కాదు. ఆ లైను టైపు చేయలేదు. ఫైలు అట్లే పంపేసినాను.