ఇంకా కొనని కుక్కకు గది

ఈ మధ్యాహ్నం వేలూరు థియేటరులో, మహా సంపన్నులను వెక్కిరించే సినిమా ఒకటి చూశాను. వెంట మా బావమరిది, గుడియాత్తం మేస్త్రి. తెరమీద పెంపుడు కుక్కకు ప్రత్యేక ఏసీ గది కనబడగానే సభ రెండుగా చీలింది. ముందు వరుసలు పగలబడి నవ్వాయి. వెనుక సోఫా సీట్లు మౌనం వహించాయి. నవ్విన వారిలో ప్రథమ స్థానం నిర్వివాదంగా మా బావమరిదిదే.

విరామంలో దీపాలు వెలగగానే అతడికి ముచ్చెమటలు పట్టాయి. సోఫాలోంచి లేచి మావైపు వస్తున్న పెద్దమనిషి, బాగాయంలో ఇతడు కడుతున్న ఇంటి యజమాని. పని ఇంకా సగంలోనే ఉంది.

"నీ నవ్వు మాదాకా వినిపించినాది మేస్త్రీ."

"తప్పైపొయ్యింది సార్. సినిమా పడం అట్లుండాది."

"అది ఉండనీప్పా. ఆ కుక్క రూము మన మేడమీద పడతాదా?"

మేస్త్రి ముఖంలోకి వృత్తిధర్మం తిరిగి వచ్చింది. "బాగా పడతాది సార్. కుక్క పేరు చెప్పండి. పేరుబలం చూసి వాకిలి పెడతా."

"కుక్కను ఇంకా కొనలేదే."

"పేరన్నా పెట్టండి సార్. పేరు లేకుంటే వాకిలి యాపక్క పెట్టేది?"

ద్వితీయార్ధమంతా సోఫాలో యజమాని దంపతులు గుసగుసగా పేర్లు పరిశీలించారు. మా బావమరిది ఒక్కసారైనా నవ్వలేదు.

మేడమీద వాకిలికి తూర్పున మాత్రమే చోటుందట. కనుక తూర్పు వాకిలికి కలిసొచ్చే కుక్క పేర్లు తెలిసినవారు దయచేసి కింద తెలియజేయగలరు. సోమవారం ఇటుక దిగుతుంది.