పున్నమికి ఎక్కిన ఉప్పు

దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. యానాంలో నాకొక చిన్న ల్యాబ్ ఉంది. రొయ్యల చెరువుల రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు, ఉప్పెంత, హార్డ్‌నెస్ ఎంత అని చూసి చెబుతాను. ఇరవై ఏళ్ళ పైగా ఇదే పని. మీటర్ చూపిస్తే నమ్ముతాను, లేకపోతే లేదు. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే నా మీద నాకే చిరాకుగా ఉంది.

ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. ఫ్రెంచి వాళ్ళ కాలంలో ఇక్కడి నుంచి కొందరు వియత్నాంలోని సైగాన్‌కి కొలువులకి వెళ్ళారు. మా తాతయ్య కూడా గుమాస్తా పని దొరికి ఓడెక్కాడు. అప్పటికి మా నాన్న ఇంకా కడుపులో ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ తాతయ్య నాయనమ్మతో అన్నది ఒకటే మాట. "గోదాట్లో ఉప్పెక్కే నాటికి వచ్చేత్తాను."

వానాకాలం పోయి వరద తీశాక మా రేవులో నీళ్ళు కొన్నాళ్ళు తియ్యగానే ఉంటాయి. ఆ తర్వాత పోటుతో పాటు సముద్రపు ఉప్పు ఏట్లోకి ఎగబాకుతుంది. దాన్నే మేం ఉప్పెక్కడం అంటాం. నాయనమ్మ ఏటా ఆ రోజుల్లో రేవుకి వెళ్ళి నీళ్ళు రుచి చూసేది. మొదటి పుడిసెడు ఎడమ పక్కకి పారబోసి, రెండోది నాలుక మీద వేసుకునేది. తాతయ్య అలాగే చూసేవాడట. ఉప్పు తగిలిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మా నాన్న ఆ పద్ధతి నేర్చుకున్నాడు, నేనూ నేర్చుకున్నాను.

కొన్నేళ్ళకి ఉత్తరాలు ఆగిపోయాయి. చివరిది సైగాన్‌కి కింద, మెకాంగ్ నది పాయ మీదున్న ఒక చిన్న రేవు ఊరి నుంచి వచ్చింది. తాతయ్య ఫొటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. నాయనమ్మ మాత్రం తను పోయేదాకా బొట్టూ గాజులూ తియ్యలేదు. "పోయాడని ఎవరు చూసేరు?" అనేది.

ఆ మాటే మా నాన్నని కట్టేసింది. తండ్రి పేరున ఒక్కసారైనా నువ్వులూ నీళ్ళూ వదల్లేదు. ఏటా మహాలయ అమావాస్యకి నువ్వులు తెచ్చుకుంటాడు, సాయంత్రానికి డబ్బాలో పోసేస్తాడు. గుండె ఆపరేషన్ అయ్యాక ఒకరోజు నాతో అన్నాడు. "నేను పోయేలోగా ఆ పని చేసేయాలమ్మా. ఆయన లేడని నాకూ తెలుసు. చెయ్యే ఆడతం లేదు."

కిందటేడు మార్గశిరం మొదట్లో ముగ్గురు రైతులతో కలిసి వియత్నాం వెళ్ళాను, అక్కడి చెరువులు చూడడానికి. వానలు అప్పుడే వెనక్కి తగ్గాయట. ఆకాశం కడిగినట్టుంది, గట్ల మీద బురద పైపైన పెచ్చులు కట్టింది, గాలి ఉత్తరానికి తిరిగింది. అచ్చం మన యానాం అడవిపొలం గట్టు మీద నిలబడ్డట్టే ఉంది. అక్కడి రైతులు కూడా రోజూ ఏటి నీళ్ళు పరీక్ష చేసుకుంటున్నారు. వానలు పూర్తిగా ఆగాక వాళ్ళకీ ఉప్పు ఎక్కుతుంది మరి.

చివరి ఉత్తరం వచ్చిన ఊరు మా దారిలోనే ఉంది. గైడ్‌ని బతిమాలి పడవ ఆపించాను. నాన్న అక్కడి నీళ్ళు ఒక సీసా తెమ్మన్నాడు. మిట్టమధ్యాహ్నం. రేవు మెట్ల మీద ఎవరో ఒక పెద్దాయన నీళ్ళ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. నేను పక్క మెట్టు మీద కూర్చుని మీటర్ గాజు మీద చుక్క వేసుకున్నాను. సున్నా. మంచినీళ్ళే.

కంటి కొసన ఆయన చెయ్యి కనిపిస్తోంది. పుడిసెడు నీళ్ళు తీసి ఎడమ పక్కకి పారబోశాడు. రెండో పుడిసెడు నోట్లో వేసుకుని ఉమ్మేశాడు.

"ఇంకా ఎక్కలేదమ్మా. పున్నమికి ఎక్కుద్ది" అన్నాడు.

"సరేనండి" అన్నాను. సీసా నింపి, మూత బిగించి, టేపు చుట్టి, దాని మీద సంతకం పెట్టుకున్నాను.

ఇక్కడే నన్ను మీరు తిట్టాలి. నీళ్ళ దగ్గర కూర్చుంటే రోజంతా నాకు వినపడేది ఈ మాటలే. మా యానాం ఫరంపేట రైతో, అగ్రహారం రైతో పక్కన కూర్చుని అన్నట్టే అనిపించింది, వింతేమీ తోచలేదు. పది అడుగులు నడిచి పడవలోకి చూస్తే మా వాళ్ళు ముగ్గురూ అక్కడే ఉన్నారు. మరి ఈ దేశంలో నాతో తెలుగులో మాట్లాడిందెవరు? తిరిగి చూస్తే మెట్ల మీద ఎవరూ లేరు. నాకు ఎడమ పక్కనున్న మెట్టు మీద చారెడు తడి, అంతే.

మా వాళ్ళలో సత్తిబాబు అనే రైతుకి చెబితే నవ్వాడు. "ఎండ దెబ్బండీ మేడంగారూ! మీరు తలొంచుకుని ఏదో అంటంటే ఫోన్లో మాటాడుతున్నారనుకున్నా." నాకూ అదే నయమనిపించింది. ఇంటికొచ్చాక నాన్నకి సీసా చూపించాను గానీ పెద్దాయన మాట చెప్పలేదు.

పున్నమికి ఇంకా నాలుగు రోజులుంది. ల్యాబ్‌లో నా దగ్గర పనిచేసే దుర్గ ఆ నీళ్ళు మళ్ళీ చూసింది. సున్నానే. హార్డ్‌నెస్ కూడా చూసి రాసుకుంది. కొత్త టేపు చుట్టి, నేను సంతకం పెట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాను.

పున్నమి రోజు పొద్దున్న నవ్వుకుంటూనే సీసా తీశాను. టేపు చెదరలేదు, సంతకం అలాగే ఉంది. చుక్క వేసి చూస్తే ఆరు పీపీటీ, అంటే లీటరుకి ఆరు గ్రాముల ఉప్పు. మీటర్ కడిగి డిస్టిల్డ్ వాటర్ వేస్తే సున్నా చూపించింది. మళ్ళీ సీసా నీళ్ళు వేస్తే ఆరు. రెండో మీటర్ మీదా ఆరే.

నాకు కోపం వచ్చింది. తిన్నగా ఇంటికెళ్ళి "నాన్నా, బీరువా తీసి ఇందులో ఉప్పేమైనా కలిపావా?" అని కేకలేశాను. ఆయన ముఖం చిన్నబోయింది. పాపం, బీరువా తాళంచెవి నా మెడలోనే ఉంది. అయినా వంటింటి ఉప్పులో కాల్షియం, మెగ్నీషియం ఉండవు, అది కలిపితే హార్డ్‌నెస్ పెరగదు. దుర్గ చేత పరీక్ష చేయించాను, అదీ పెరిగింది, సముద్రపు నీటికి పెరిగినట్టే. చివరికి మా రేవులో నీళ్ళు కూడా తెచ్చి చూశాను. వాటిలోనూ ఆ రోజు ఆరే.

అప్పుడు నాన్నకి అంతా చెప్పాను. ఆయన సీసాలోంచి పుడిసెడు నీళ్ళు పోసుకుని ఎడమ పక్కకి పారబోశాడు. రెండోది నాలుక మీద వేసుకున్నాడు.

"ఉప్పెక్కిందమ్మా. మాట నిలబెట్టుకున్నాడు. వచ్చేశాడు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రేవుకి వెళ్ళి తండ్రి పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదిలాడు. ఇన్నేళ్ళలో మా నాన్న వెక్కి వెక్కి ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించమన్నాడు.

మిగిలిన నీళ్ళు ఇంకా బీరువాలో ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా ఆరే. మీటర్ తప్పు, సీసా తప్పు, మనిషి తప్పు, అన్నీ వెతికాను. ఏదీ కుదరడం లేదు. నాకు తెలియదు, అంతే.

రేవు నుంచి తిరిగొస్తుంటే నాన్న నన్ను ఒక్కటే అడిగాడు. "ఆయన ముఖం ఎలాగుందమ్మా?"

ఏం చెప్పను? ఆ రోజు ఆ పెద్దాయన నా పక్క మెట్టు మీదే కూర్చున్నాడు. నేను తలెత్తలేదు. మీటర్ చూసుకుంటున్నాను.