పొయ్యిలో పెట్టిన జామకొమ్మ

చొక్కాలు తగిలించుకోవడానికని పంగలున్న జామకొమ్మని ఏలూరులో ఒక షాపులో అమ్ముతున్నారు. "చాలా నేచురల్ అండీ" అంది షాపమ్మాయి. మన ఇళ్ళలో ఉండేది, గుర్తుందా?

మా నాన్న కైకలూరు చేపల చెరువుల్లో కూలీ. అలాంటి కొమ్మనే గాజుపెంకుతో నున్నగా గీకి, ఆముదం రాసి గోడకి కొట్టాడు. ఒకరోజు పాస్టరుగారు ప్రార్థనకి వస్తున్నారని తెలిసి, ఆ కొమ్మని చూస్తే నామోషీ అనుకుని విరిచి పొయ్యిలో పెట్టేశాను. దాని మీదే టీ కాచాను.

పాస్టరుగారు టీ తాగుతుండగా నాన్న చెరువు నుంచి వచ్చాడు. తడిచొక్కా విప్పి గోడ వైపు చూశాడు. తర్వాత పొయ్యి వైపు చూశాడు.

"టీ బాగుందండీ" అన్నారు పాస్టరుగారు.

"మా అమ్మాయే కాచిందండి" అన్నాడు నాన్న.

ప్రార్థన అయ్యేదాకా ఆ తడిచొక్కా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.