ముప్పై ఆరు మంది రాసిన వాక్యం

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్ళే బస్సు మధ్యలో దిగి, అడవిలోకి మళ్ళే రోడ్డు మీద ఆటోలో ఇంకో అరగంట వెళ్తే వచ్చే ఊళ్ళో నా మొదటి ఉద్యోగం. గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల. నేను జీవశాస్త్రం టీచర్ని. మాది పెనుబల్లి వైపు పొలాలూ మామిడి తోటలూ ఉన్న ఊరు. అడవి అంటే అప్పటిదాకా బస్సు కిటికీలోంచి చూసిందే. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయి ఉంటుంది. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే బడి వెనకాల గుట్ట ఎక్కాల్సి వచ్చేది.

ఆ డిసెంబరులో పదో తరగతి వాళ్ళకి అర్ధ సంవత్సర పరీక్షలయ్యాయి. క్లాసులో ముప్పై ఎనిమిది మంది. ఒకమ్మాయి జ్వరంతో ఇంటికి వెళ్ళింది కాబట్టి ముప్పై ఏడు పేపర్లు. ఆదివారం పొద్దున్నే నా కిరాయి గది ముందు వరండాలో చాప వేసుకుని దిద్దడానికి కూర్చున్నాను.

నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి ఉంది. మీ ప్రాంతంలో దొరికే ఒక అటవీ ఉత్పత్తి గురించి, దాన్ని సేకరించే విధానం గురించి రాయండి. మొదటి పేపర్లో ఇలా ఉంది: "గిరిజనులు తెల్లవారుజామున ఇప్ప చెట్లు ఎక్కి పువ్వులను కోసి, ఎండబెట్టి, సంతలలో విగ్రయిస్తారు." విక్రయిస్తారు అని రాయబోయి తప్పు రాసిందనుకుని ఎర్ర పెన్నుతో దిద్దాను. రెండో పేపర్లోనూ విగ్రయిస్తారు అనే ఉంది. మూడో దాంట్లోనూ అంతే. అయిదారు చూశాక దిద్దడం ఆపి, మిగతా పేపర్లన్నిట్లో ఆ ఒక్క ప్రశ్నే వెతుక్కుంటూ పోయాను. ముప్పై ఆరు మంది ఒకే వాక్యం రాశారు. కామాలు కూడా ఒకే చోట ఉన్నాయి.

ఒక్క పేపరు మాత్రం వేరుగా ఉంది. మూడో వరసలో గోడ పక్కన కూర్చునే అమ్మాయిది. క్లాసులో ఎప్పుడూ చెయ్యి ఎత్తదు, అడిగితే తప్ప మాట్లాడదు. ఆమె ఇలా రాసింది: "ఇప్ప పువ్వు ఎవలు కొయ్యరు. అదే రాలుతది. చెట్టు కింద ఆకులు ముందే ఊడ్చి కాలవెడ్తం. పొద్దుగాల పోయి ఏరుకుంటం." ఇంట్లో మాట్లాడినట్టు రాసిందని ఆ మాటల చుట్టూ సున్నాలు చుట్టి, నాలుగుకి ఒక మార్కు వేశాను. మిగతా ముప్పై ఆరు మందికీ మార్కులు వేయకుండా పేపర్లు కట్టగట్టాను.

పరీక్ష రోజు ఆ గదిలో కాపలా ఉన్నది నేనే. మధ్యలో పెద్ద మేడం పిలిస్తే పావుగంట బయటికి వెళ్ళాను. ఆ పావుగంటలోనే చీటీ తిరిగి ఉంటుందని నిర్ణయానికొచ్చేశాను. నాకు కోపం కన్నా కుతూహలమే ఎక్కువగా ఉంది. ముప్పై ఆరు మందికి ఒక చీటీ అందాలంటే ఎంత ఏర్పాటు కావాలి? ఎవరు మొదలుపెట్టారు? ఆ ఒక్క అమ్మాయికి ఎందుకివ్వలేదు? ఇస్తే వద్దందా?

సోమవారం పెద్ద మేడంకి చెప్పాను. బడికి ఆవిడే ప్రధానోపాధ్యాయురాలు. పాతికేళ్ళుగా ఆశ్రమ పాఠశాలల్లోనే పనిచేస్తున్న మనిషి. పేపర్లు రెండు మూడు తిరగేసి నా చేతికిచ్చేసింది.

"పోనియ్యి అమ్మా. రాసిండ్రు గదా. పబ్లిక్ పరీక్షల కూడ గిట్లనే రాస్తే అందరు పాసైతరు."

"కాపీ కొట్టి రాశారు మేడం."

"కొట్టిండ్రని నీకెట్ల తెలుసు? అడిగినవా?"

అడగలేదు. అడుగుదామని క్లాసుకి వెళ్ళాను.

పేపర్ల కట్ట బల్ల మీద పెట్టి, ఈ వాక్యం మొదట రాసిందెవరో చెప్పమన్నాను. చెప్పకపోతే ముప్పై ఆరు మందికీ ఆ ప్రశ్నకి సున్నాయే అన్నాను. వెనక బెంచీల్లో కోయ భాషలో గుసగుసలు మొదలయ్యాయి. నాకు ఆ భాష రాదు. కాసేపటికి క్లాస్ లీడర్ లేచింది. పొడుగ్గా, ఎప్పుడూ చక్కగా జడ వేసుకుని ఉండే పిల్ల.

"మేడం, మేము కాపీ కొట్టలే. నోట్స్‌ల ఉన్నదే రాసినం."

"ఏ నోట్స్‌లో?"

తన నోట్‌బుక్ తెచ్చి పేజీ తీసి చూపించింది. వాక్యం అక్కడే ఉంది, విగ్రయిస్తారుతో సహా. దాని కింద ఎర్ర సిరాతో నా సంతకం, తేదీ. పక్క పిల్ల నోట్‌బుక్ తీశాను. అందులోనూ వాక్యం, సంతకం.

అప్పుడు గుర్తొచ్చింది. ఆగస్టులో నాకు మలేరియా వచ్చి వారం రోజులు మంచం మీద ఉన్నాను. పాఠాలు వెనకబడతాయని, కొత్తగూడెంలో కొన్న గైడు లీడర్‌కి పంపించి, ఆ యూనిట్ జవాబులన్నీ బోర్డు మీద రాయించమని కబురు పెట్టాను. గైడులో ఏముందో నేను చదవలేదు. లీడర్ బోర్డు మీద రాసేటప్పుడు ఒక అక్షరం తప్పు పడింది. అందరూ దాన్ని అలాగే ఎక్కించుకున్నారు. తర్వాత నేను వచ్చి, ఒక మధ్యాహ్నం కూర్చుని, చదవకుండానే అన్ని నోట్‌బుక్‌లలో సంతకాలు పెట్టాను. పరీక్షలో ముప్పై ఆరు మందీ ఎవరి పక్కకీ చూడకుండా, కంఠస్థం చేసిందే రాశారు. ఎక్కడినుంచో చూసి ఎక్కించిన మనిషి ఆ గదిలో ఎవరైనా ఉంటే, అది నేనే.

నోట్‌బుక్‌లు తిరిగిచ్చేశాను. కానీ ఇంకో సంగతి అడగకుండా ఉండలేకపోయాను.

"నిజంగా ఇప్ప చెట్టెక్కి పువ్వులు కోస్తారా?"

క్లాసంతా నవ్వింది. ఆ నవ్వుతోనే నాకు జవాబు తెలిసిపోయింది.

"ఎవలెక్కుతరు మేడం," అంది లీడర్. "గది రాలితెనే తీపుంటది."

"ఇది మీ అందరికీ తెలుసా?"

"అవ్ మేడం." ఈసారి అన్ని గొంతులూ.

"తెలిసీ, చెట్టెక్కి కోస్తారని ఎందుకు రాశారు?"

వాళ్ళకి నా ప్రశ్నే అర్థమైనట్టు లేదు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి లీడరే, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది: "పరీక్షల గట్లనే రాయాలె గద మేడం. మీరు సంతకం వెట్టిండ్రు."

నిజమేదో తెలుసుకున్న సంతోషంలో, ఆ ఒక్క అమ్మాయి వైపు తిరిగాను. క్లాసు ముందు ఆమెని మెచ్చుకోవాలని ఉంది. అందరూ ఒక దారిన పోతుంటే తను చూసిందే రాసిన పిల్ల కదా.

"నువ్వు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశావు. ఎందుకలా రాయాలనిపించింది?"

ఆమె లేచి నిలబడి, బల్ల అంచు పట్టుకుని, "నా దగ్గర గా నోట్స్ లేవు మేడం," అంది. "ఆగస్టుల మా అమ్మకి బాగలేకపోతే ఇంటికి పోయిన. వచ్చినంక ఎక్కించుకోలే."

"నోట్స్ ఉండి ఉంటే?"

"గదే రాసేదాన్ని మేడం."

ఆమెని కూర్చోమన్నాను. మెచ్చుకుందామనుకున్న పిల్ల అంత సూటిగా, ఏ సంకోచమూ లేకుండా ఆ మాట చెప్పేసరికి, ఆమెని నిజాయితీ గల పిల్ల అనాలో కాదో నాకు తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. ఆ పూట ఆమె మార్కు దిద్ది నాలుగు వేశాను. ముప్పై ఆరు మందికీ కూడా నాలుగే వేశాను. నేను సంతకం పెట్టిన దానికి మార్కులు ఎలా తగ్గించను?

మర్నాడు గైడు పక్కన పెట్టి, కొత్త నోట్స్ నేనే చెప్పాను. వాళ్ళని అడిగి, వాళ్ళు చెప్పినదాన్నే పుస్తక భాషలోకి మార్చి, "ఇప్ప పువ్వులు వాటంతటవే రాలుతాయి. గిరిజనులు చెట్టు కింది ఎండుటాకులను ముందుగా ఊడ్చి కాల్చి, ఉదయాన్నే పువ్వులను ఏరుకుంటారు" అని రాయించాను. తప్పు దిద్దుకున్నానని తృప్తిగా ఉంది.

ఫిబ్రవరిలో ప్రీ ఫైనల్ పరీక్షలకి అదే ప్రశ్న నేనే కావాలని ఇచ్చాను. ముప్పై ఎనిమిది మందీ రాశారు. ముప్పై ఎనిమిది పేపర్లలోనూ నా రెండు వాక్యాలే, అక్షరం పొల్లుపోకుండా. గోడ పక్క అమ్మాయి కూడా అవే రాసింది. ఆమె పేపర్లో ఇప్పుడు "ఏరుకుంటం" లేదు. "గిరిజనులు ఏరుకుంటారు" అని ఉంది. వాళ్ళమ్మ గురించి చెబుతూ, ఎవరో పరాయివాళ్ళ గురించి చెప్పినట్టు ఉంది. ముందు రాసినది అబద్ధం, ఇది నిజం. కానీ రెండూ ఒకే పద్ధతిలో వచ్చి కాగితం మీద పడ్డాయి. అన్నిటికీ నాలుగుకి నాలుగు వేశాను.

మార్చిలో పువ్వు రాలడం మొదలైంది. అది చూడాలని నాకు బలంగా అనిపించి, ఒక శనివారం సాయంత్రం వార్డెన్‌ని అడిగి ఆ అమ్మాయితో కలిసి వాళ్ళ ఊరు వెళ్ళాను. మర్నాడు ఇంకా మసక మసగ్గా ఉండగానే ఆమె, వాళ్ళమ్మ, నేను గంపలు పట్టుకుని బయల్దేరాం.

ఆకు అనేది లేకుండా నిలబడి ఉంది చెట్టు. కింద నల్లగా కాలిన నేల మీద తెల్లగా, లావుగా పువ్వులు. మేం చూస్తుండగానే ఇంకొన్ని టప్ టప్ మని పడుతున్నాయి. మత్తుగా తీపి వాసన. వాళ్ళమ్మ వంగి రెండు చేతులతో ఏరుతోంది. నేను ఒక్కొక్కటే ఏరుతుంటే చూసి, "పంతులమ్మా, గట్లయితె ఎండెక్కుతది," అంది.

క్లాసులో నోరు విప్పని పిల్ల ఆ పూట నాకు పాఠం చెప్పింది. ఈ చెట్టు పువ్వు పెద్దదే కానీ పలచన, ఆ వాగు అవతలి చెట్టుది చిన్నదైనా ఎండితే బరువు తూగుతుందంది. ఎలుగుబంటి కూడా దీనికోసమే వస్తుంది కాబట్టి చప్పుడు చేస్తూ రావాలంది. మబ్బు పట్టిన రోజు పువ్వు ఆలస్యంగా రాలుతుందంది. ఎందుకు అని నేనడిగితే, "గది నాక్కూడ తెల్వదు మేడం. పుస్తకంల ఉంటదేమో మీరు చూడుండ్రి," అంది. పుస్తకంలో లేదు. తర్వాత చాలా చోట్ల వెతికాను కూడా.

"ఇవన్నీ ఎందుకు రాయలేదమ్మా నువ్వు?"

"గివి అడగరు గద మేడం," అంది, గంప చంకన పెట్టుకుంటూ.

ఆమె పదో తరగతి సెకండ్ క్లాసులో పాసై, భద్రాచలంలో ఇంటర్‌లో చేరింది. ఆ యేడు మా బడిలో ఇద్దరు తప్ప అందరూ పాసయ్యారు. పెద్ద మేడం సంతోషించింది. నేనూ సంతోషించాను. నోట్స్ చెప్పడం మానలేదు. మానితే ఆ పిల్లలు ఫెయిలవుతారని నాకు తెలుసు.

కానీ తర్వాతి యేడు తొమ్మిదో తరగతి వాళ్ళకి ఒక పని పెట్టాను. నోట్‌బుక్‌లో కుడి పేజీ నేను చెప్పే నోట్స్‌కి. ఎడమ పేజీ మీరు చూసినదానికి. ఎడమ పేజీకి మార్కులు లేవు, నేను సంతకం పెట్టను, చదువుతాను అంతే.

మొదటి రెండు నెలలూ ఎడమ పేజీలు ఖాళీగా ఉన్నాయి. మార్కుల్లేని దానికోసం సిరా ఎందుకు ఖర్చు చేస్తారు? పెద్ద మేడం ఆ ఖాళీలు చూసి, "నోట్‌బుక్కులు ఊకెనే వస్తున్నయా అమ్మా," అని విసుక్కుంది. మూడో నెలలో ఒక పిల్ల, బీడీ ఆకునిచ్చే తునికి చెట్టు కొమ్మలు కొట్టాకే లేతాకు ఎక్కువ వస్తుందని రాసింది. ఇంకొకామె ఎర్రచీమలు ఆకులు కుట్టుకునే తీరు బొమ్మ గీసింది. తర్వాత అయిదారుగురు, ఆ తర్వాత సగం క్లాసు.

అప్పుడొకమ్మాయి, తొమ్మిదిలో అందరికన్నా ఫస్ట్ వచ్చే పిల్ల, తమ ఊరి వాగు దగ్గర వెదురు పూసిందని రాసింది. వెదురు ఎన్నో ఏళ్ళకి ఒక్కసారి పూస్తుంది. నేను ఆగలేకపోయాను. ఆ ఆదివారమే ఎండలో నాలుగు కిలోమీటర్లు నడిచి వాగు దగ్గరికి వెళ్ళాను. వెదురు పొద పొదంతా పచ్చగా ఉంది. పువ్వు మాత్రం లేదు. వాగు పొడుగునా తిరిగి, బట్టలుతుకుతున్న వాళ్ళని అడిగి వెనక్కొచ్చాను.

సోమవారం ఆమెని పక్కకి పిలిచి, కోప్పడకుండానే అడిగాను. "వెదురు పూసిందని రాశావు. నేను చూసొచ్చాను, పూయలేదు. ఎందుకలా రాశావు?"

ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నేను నిజంగా అంత దూరం నడిచి వెళ్ళానంటే నమ్మలేనట్టు చూసింది.

"మీరు పోయిండ్రా మేడం?"

"వెళ్ళాను."

"పుస్తకంల ఉంది మేడం, అరుదుగ పూస్తదని. గట్ల రాస్తె మీకు మంచిగనిపిస్తదని రాసిన." మళ్ళీ తనే, "వాగు దిక్కు నేను పోక చానా దినాలైంది," అంది.

నోట్‌బుక్ తీసుకుని వెళ్ళిపోయింది. వారం తర్వాత ఆ నోట్‌బుక్ మళ్ళీ నా ముందుకు వచ్చినప్పుడు చూస్తే, ఆ వాక్యం కొట్టేసి ఉంది. కింద, ఈసారి కాస్త వంకరటింకరగా, ఇలా రాసింది: "మా వాగు కాడ వెదురు ఇంకా పుయ్యలేదు. నేను పోయి చూసిన."