వెస్టా ముక్కు, ఒర్విల్ కళ్ళు

చలికాలంలో స్టీల్‌హెడ్ చేపకు ఏ ఎర వేయాలని హెమ్లాక్ ఏటి ఒడ్డున అడిగి చూడండి. నలుగురు నాలుగు మాటలు చెబుతారు, అయిదోవాడు మాత్రం వెస్టా లిండ్‌స్ట్రోమ్ ఇంటికి దారి చూపిస్తాడు. సముద్రంలో తిని బలిసి, గుడ్లు పెట్టడానికి మళ్ళీ పుట్టిన ఏటికే ఎదురీదుకుంటూ వచ్చే ఆ చేపంటే మా వాళ్ళకు పిచ్చి. ఆ పిచ్చిలో వెస్టా అందరికంటే రెండాకులు ఎక్కువే చదివింది.

బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. పొద్దున్నే ఏట్లో గాలం వేసి, ఆ చేతులతోనే స్టీరింగు పట్టుకుంటే బస్సులో పిల్లలు ముక్కులు మూసుకునేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, "తెల్లారకముందే ఏటికి పోతానంటే ఊరుకునే మొగుడు దొరకలేదు" అనేది. ముక్కుసూటి మనిషి, కోపం కూడా ఆ ముక్కు మీదే.

ఆ ముక్కే ఆమె ఆస్తి. ఆకులు రాలే కాలంలో సాల్మన్ చేప గుడ్లు తెచ్చి ఉప్పు, పంచదార, చెడిపోకుండా బోరాక్స్ పొడి, ఎర్ర రంగు పట్టించి గాజు డబ్బాల్లో ఊరబెట్టేది. మూత తీసి ఒక్కసారి వాసన చూసిందంటే ఇది ఊరింది, ఇది ఇంకో పూట ఆగాలి, ఇది చెడింది పారెయ్ అని తేల్చేసేది. ఎరకు మనిషి చేతి వాసన తగిలితే చేప దగ్గరికి రాదని మా అందరి నమ్మకం. అందుకే రబ్బరు తొడుగులు లేకుండా ఆమె గుడ్లను ముట్టుకోదు. ఇక ఎరకు బదులు తళుకు రేకులు, రంగు పూసలు కట్టేవాళ్ళంటే ఆమెకు చెడ్డ చిన్నచూపు. "చేపేమన్నా పెళ్ళికి పోతోందా, పూసలు పెట్టుకోడానికి?" అని మొహం మీదే అనేసేది.

అలాంటి మనిషికి కిందటి వేసవిలో జ్వరం వచ్చి ముక్కు పోయింది. ముక్కు ఉన్నచోటే ఉంది లెండి, వాసనే పోయింది. డాక్టరు ఓపిక పట్టమన్నాడు. ఓపిక పట్టింది కానీ ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. ఊరంతా ఎరల రాణి అని పిలిచే మనిషి నాకు వాసన తెలియడం లేదని ఏ నోటితో చెబుతుంది? మింగలేక కక్కలేక, పాత లెక్క ప్రకారం కొలిచి గుడ్లు ఊరబెట్టింది. చలికాలమంతా పక్కనే తమ్ముడు ఒర్విల్ ఇసుక రొయ్యలు గుచ్చి చేపలు లాగుతుంటే, ఈమె బెండు మాత్రం నీళ్ళ మీద బద్ధకంగా తేలుతూ పోయేది. చివరికి మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది. ఈసారి వేట గడువు ముగిసి ఏరు మూసేలోపు ఒక్క చేపయినా పడకపోతే గాలం కర్ర తమ్ముడికిచ్చేసి ఇంట్లో కూర్చోవాలి. ఏరు లేని వెస్టాకు ఇంట్లో చేయడానికి ఏముందో దేవుడికే తెలియాలి.

ఏరు మూసే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నానికి వాన ఆగింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ తొడల దాకా బూట్లు వేసుకుని వంకమడుగు పక్కన నిలబడ్డారు. ఒర్విల్ రొయ్యలు అయిపోయాయి.

"అక్కా, నీ గుడ్లు కాసిని ఇటివ్వు. ఈ ఏడు రుచి చూడలేదు."

"నువ్వు రుచి చూడక్కర్లేదు, చేప చూస్తే చాలు" అంటూ ఆమె డబ్బా అందించింది.

మూత తీసి ఒర్విల్ తల వెనక్కి తిప్పుకున్నాడు. "ఇది ఎరా, మోటారు రంపంలో పోసే పెట్రోలా?"

వెస్టాకు తన తొడుగులు కొట్టంలో ఎక్కడ తగిలిస్తుందో కళ్ళ ముందు కనిపించింది. చెట్లు కోసే రంపం, దాని పక్కన పెట్రోలు డబ్బా, ఆ పైన మేకు. మేకుకు తొడుగులు. పూర్వమైతే గుమ్మంలోనే పసిగట్టి తొడుగులు అవతల పారేసేది. మనిషి వాసన తగలకూడదని వేసుకున్న తొడుగులే చలికాలమంతా ఎర నిండా పెట్రోలు పూశాయి.

అయినా బింకం పోలేదు. "కొత్త పద్ధతి. నీకు తెలియదులే."

ఒర్విల్ ఫ్లాస్కు తీసి, మూతలోకి వంచి, తన చేత్తోనే ఆమె ముక్కు కింద పెట్టాడు. నీడలో లోపలేముందో కనిపించలేదు, పొగలు మాత్రం వస్తున్నాయి.

"ఎలా ఉంది వాసన?"

"కాఫీ వాసన కాఫీలాగే ఉంది."

"ఆల్చిప్పల సూపు, అక్కా."

ఆమె మొహం ఎర్రబడింది. గాలం కర్ర తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. "తీసుకో. ఇక నేను రాను. ఊళ్ళో చెప్పుకుని నవ్వుకోండి."

"నా గాలానికి ముడులు నేను వేసుకోలేనని నువ్వు ఊళ్ళో ఎవరికైనా చెప్పావా?" అన్నాడు ఒర్విల్. "రెండేళ్ళ నుంచి నా కొక్కేలు నువ్వే కడుతున్నావు. కళ్ళల్లో శుక్లాలు పెరిగి నాకు గాలం తీగ కనిపించదని నీకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. నేను మాత్రం చెబుతానా?"

ఆమె నేల చూపులు చూసింది.

"సరే, ఇప్పుడిది నా కర్ర. నాకు ఎర కట్టిపెట్టు. ముందు నీళ్ళెలా ఉన్నాయో చెప్పు, నాకు బూడిదరంగు తప్ప ఏమీ ఆనడం లేదు."

తమ్ముడు అడిగాడు కదా అని ఏటి వైపు చూసింది. "తేటపడ్డాయి. పచ్చ సీసా రంగు. మోకాలి లోతులో రాళ్ళు కనబడుతున్నాయి." అంటూనే ఆగిపోయింది. ఇంత తేట నీళ్ళలో నిమ్మకాయంత గుడ్ల ముద్ద వేస్తే పెట్రోలు లేకపోయినా చేప జడుసుకుంటుంది. బురద నీళ్ళకు పెద్ద ఎర, తేట నీళ్ళకు చిన్న ఎర. ఆ సంగతి ముక్కుతో పనిలేకుండానే ఆమెకు తెలుసు. ముక్కు పోయిందన్న బెంగలో కళ్ళున్నాయన్న మాటే మరిచిపోయింది, పిచ్చిది.

"నీ పూసల పెట్టె ఇలా ఇవ్వు" అంది నెమ్మదిగా.

ఒర్విల్ చెవులు రిక్కించాడు. "చేప పెళ్ళికి పోతోందా?"

"నోరు మూసుకుని పెట్టె ఇవ్వు."

ఇసుకతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. పెట్టెలో కాషాయం, గులాబీ, ఎరుపు మెరిసిపోతున్నాయి. వాటన్నిటినీ పక్కకు నెట్టి, మూలన వెలిసిపోయిన ఒక పూసను ఏరింది. ఏట్లో దొర్లి దొర్లి పాలిపోయిన సాల్మన్ గుడ్డు సరిగ్గా అలాగే ఉంటుంది, లోపల చిన్న నెత్తుటి చుక్కతో సహా. కొక్కేనికి రెండు వేళ్ళ పైన పూస బిగించి, తమ్ముడికి కర్ర ఇవ్వబోయింది.

"నువ్వే వెయ్యి. పడితే నా లెక్కలో రాసుకుంటాను" అన్నాడు.

వడి నీరూ నెమ్మది నీరూ కలిసే గీత మీద వేసింది. బెండు రాయి దాటింది, రెండో రాయి దాటింది, మునిగింది. కర్ర వంగింది. ఆ తర్వాత వెస్టా ఒళ్ళు తెలియకుండా ఒడ్డు వెంట పరుగు తీసింది, ఒర్విల్ వల పట్టుకుని వెనకాల రాళ్ళు తడుముకుంటూ, "ఎటు పోయింది, ఎటు పోయింది" అని అరుస్తూ. చేప రెండుసార్లు గాలిలోకి లేచింది. మూడోసారి లేవబోయి మానుకుంది.

నీళ్ళలోనే పట్టుకుని చూసింది. వీపు మీద, తోక దగ్గరి చిన్న రెక్క చెక్కుచెదరకుండా ఉంది. పెంపకం చేపకైతే గుర్తుగా ఆ రెక్క కోసేస్తారు, ఇది ఏట్లో పుట్టిందే. అలాంటివాటిని వదిలేయాల్సిందే. కర్ర తమ్ముడికి అందించి, కొక్కెం తీసి, ఊపిరి అందేదాకా తలను ఎదురు నీటికి పెట్టి పట్టుకుంది. చేప తోక విదిల్చి, మొహం నిండా నీళ్ళు చల్లి వెళ్ళిపోయింది.

వెస్టా మోకాళ్ళ మీదే ఉండి చెయ్యి చాపింది. "వాసన చూసి చెప్పు."

ఒర్విల్ వంగి చూశాడు. "చేప."

"పెట్రోలు లేదు కదా? సరిగ్గా చూడు."

మళ్ళీ చూశాడు, ఈసారి తీరిగ్గా. "చేప, నాచు, చన్నీళ్ళు. బస్సులో పిల్లలు ముక్కు మూసుకునే వాసన."

వెస్టాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కళ్ళు తుడుచుకోవడానికి ఎడమ చెయ్యే వాడింది. కుడి చెయ్యి ఇంటికెళ్ళేదాకా కడుక్కోలేదు.

"ఆకులు రాలేప్పుడు డబ్బాల మూతలు తీసే పూట మా ఇంటికి రా" అంది లేస్తూ. "వచ్చేప్పుడు నీ ముక్కు తెచ్చుకో."

"మరి నా కర్రో?"

"ఎవరి కర్ర?" అని, అతని చేతిలోంచి దాన్ని లాక్కుని ముందు నడిచింది.