లెనిన్‌గ్రాడ్ మెట్లెక్కిన టీచరుగారు

1987 ఫిబ్రవరి. మిషిగన్‌లోని ట్రాయ్ దగ్గర ఒక ఆస్పత్రిలో నేను ఫిజికల్ థెరపిస్టుని. ఎముక విరిగినవాళ్ళని మళ్ళీ నడిపించడం మా పని. బతిమాలడం, బెదిరించడం రెండూ అందులో భాగమే. నాకు రెండోదే బాగా వచ్చని తోటివాళ్ళు అనేవారు.

ఆ నెలలో కామేశ్వరమ్మగారు వచ్చారు. భీమవరంలో జాగ్రఫీ టీచరుగా రిటైరై, కొడుకు రవి ఇంటికి వచ్చి, వాకిట్లో మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. సర్జన్ స్క్రూలు బిగించి నాకు అప్పగించాడు.

నొప్పి ఎక్కడని అడిగాను.

"నొప్పి సంగతి అలా ఉంచమ్మా. జూన్లో ఇండియా వెళ్తూ దారిలో లెనిన్‌గ్రాడ్‌లో ఆగాలి. టికెట్లు బుక్ చేశాం. అప్పటికి నడుస్తానా?"

"లెనిన్‌గ్రాడే ఎందుకండీ?"

"సర్వీసంతా ఆ ఊరిని మ్యాపు మీద బెత్తంతో చూపించానమ్మా. కాలవలు, వంతెనలు, రాజభవనాలు, జూన్లో చీకటి పడని రాత్రులు. మాదీ కాలవల ఊరేగా, పిల్లలకి ఇట్టే అర్థమయ్యేది. ఒక్కసారి నా కళ్ళతో చూడాలి."

సరే, మెట్లతోనే మొదలుపెట్టాం. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతగిలిన కాలు ముందు. ఇది మా వృత్తిలో మొదటి పాఠం. ఆవిడ ఒక్కసారికే పట్టేశారు. కానీ ఏప్రిల్ వచ్చినా వాకర్ వదల్లేదు. నాలుగు మెట్లెక్కేసరికి చెమటలు పట్టేవి. ఎక్స్‌రే చూస్తే ఎముక చక్కగా అతుక్కుంది. మరి కాలెందుకు బలం పుంజుకోదు?

"ట్రిప్ క్యాన్సిల్ చేసేద్దామండీ. వీల్‌చెయిర్ పెట్టించి అమ్మని నేరుగా ఇండియా పంపిస్తాను" అన్నాడు రవి. ఆవిడ కిటికీ వైపు తిరిగారు. నాకు ప్రాణం ఉసూరుమంది. క్యాన్సిల్ చేసేముందు ఒకసారి ఇల్లు చూస్తానన్నాను. మేము దాన్ని హోమ్ విజిట్ అంటాం.

ఇంట్లో కోడలు సుధ, బంగారం లాంటి పిల్ల. అత్తగారి మంచం మేడ మీంచి కిందికి దింపించింది. ఆవిడ కళ్ళజోడు కోసం చూస్తే కళ్ళజోడు వచ్చింది, గొంతు సవరించుకుంటే మంచినీళ్ళు వచ్చాయి, కంచం సోఫా దగ్గరికే వచ్చింది.

"అత్తయ్యగారిని కాలు కింద పెట్టనివ్వట్లేదండీ" అంది గర్వంగా.

నేను అత్తగారి వైపు చూశాను.

"అంత ప్రేమగా చేస్తుంటే వద్దంటే నొచ్చుకుంటుందనీ..." నసిగారు కామేశ్వరమ్మగారు.

"ఈ ప్రేమతో మీరు లెనిన్‌గ్రాడ్ కాదు, వంటింటిదాకా కూడా వెళ్ళలేరు" అన్నాను.

సుధ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అత్తగారితో పని చేయిస్తోందని నలుగురూ అనరా ఆంటీ?"

ఆ పిల్ల భయం నాకప్పుడు తెలిసింది. పక్కన కూర్చుని, "అనేవాళ్ళకి నా ఫోన్ నంబరివ్వు. ఇది పని కాదమ్మా, మందు. రేపటి నుంచి ఈ ఇంట్లో కాఫీలు అత్తగారే అందించాలి. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో సగం కప్పు. ఒక్కొక్కటే" అన్నాను.

మొదట్లో కాఫీ కార్పెట్టే ఎక్కువ తాగింది. సుధ లేవకుండా చేతులు కట్టుకుని కూర్చునేదట. మే నెలలో కాఫీ మేడ మీద రవి గదిదాకా వెళ్ళింది, దాని వెనకే మంచమూ పైకి వెళ్ళింది. లెనిన్‌గ్రాడ్ వరకు సుధ తోడు వెళ్ళే షరతు మీద రవి దిగివచ్చాడు.

జూలైలో సుధ ఆస్పత్రికి వచ్చి అంతా చెప్పింది. రాజభవనంలో పాలరాతి మెట్ల దగ్గర అలవాటుగా చెయ్యి చాపితే, "నువ్వు పద, నేనొస్తా" అంటూ అత్తగారు మంచి కాలు ముందు వేశారట. ఆ రోజంతా తిరిగి తిరిగి సుధకే కాళ్ళు పీక్కుపోయి కాలవ గట్టున బెంచీ మీద కూలబడింది.

"లేవకు, కూర్చో" అని అత్తగారు కర్రతో వంతెన దాటి వెళ్ళి ఐస్‌క్రీం తెచ్చి కోడలి చేతికిచ్చారు. తన ఐస్‌క్రీం కోసం మళ్ళీ వంతెనెక్కారు.

"ఒక్కొక్కటేగా ఆంటీ, మీరు చెప్పిందీ!" అంది సుధ నవ్వుతూ. నేనూ నవ్వాను, కానీ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.

అప్పటి నుంచి కొత్త పేషెంటు వస్తే నొప్పి ఎక్కడని తర్వాత అడుగుతాను. ముందు అడిగేది, "ఇంట్లో మీకు మంచినీళ్ళు ఎవరు తెచ్చిస్తారు?" అని.