ఆర్మూర్ పసుపు అడ్తిలో నాలుగు నిమిషాల షాట్

జూబ్లీ బస్ స్టేషన్‌లో మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నిర్మల్ వెళ్లే బస్సెక్కాను. ఆర్మూర్‌కు నాలుగు గంటలు పడుతుందన్నాడు కండక్టర్. ఐదు పట్టింది. పసుపు రోజుల్లో ఆర్మూర్ చూద్దామనుకునే వాళ్లు పొద్దున్నే బయల్దేరడం మంచిది. మధ్యాహ్నం బస్సులో ఎండంతా ఎడమవైపు సీట్ల మీదే పడుతుంది, నాకు దొరికిందీ ఎడమవైపే.

ఒళ్లో నల్ల సంచి, అందులో గింబల్. తెలియని వాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. అదొక చేతికర్ర, దాని పైన కెమెరా, మధ్యలో మూడు చిన్న మోటార్లు. మన చెయ్యి ఎటు ఒరిగితే మోటారు దానికి ఎదురు తిరుగుతుంది, బొమ్మ మాత్రం కదలదు. పెళ్లి వీడియోల్లో పెళ్లికూతురి వెనకాల కెమెరా గాలిలో తేలుతూ పోయినట్టుంటుందే, అదంతా దీని చలవే.

నాకు మాత్రం అది ఇంకో పని కూడా చేసిపెడుతోంది. పోయిన వానాకాలం నుంచి నా కుడి చెయ్యి వణుకుతోంది. మందులతో కొంత నెమ్మదిస్తుంది కాని పూర్తిగా పోయేది కాదని డాక్టరు చెప్పాడు. ఆయనకు, నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ముఖ్యంగా సుధాకర్‌కు తెలియదు. పదహారేళ్లుగా మేమిద్దరం కలిసి స్టూడియో నడుపుతున్నాం. కెమెరా నాది, ఎడిటింగ్ అతనిది. వణుకు చిన్నగా ఉన్నంత కాలం గింబల్ దాన్ని మింగేస్తుంది, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్న వాడికి ఆనవాలు కూడా దొరకదు. తెలిస్తే కెమెరా నా చేతిలోంచి పోతుంది. నాకు వేరే పని రాదు, నేర్చుకోవాలన్న మనసూ లేదు. అందుకే ఎనిమిది నెలలుగా నోరు మూసుకుని తిరుగుతున్నాను.

ఆర్మూర్ పని ఫోన్లో వచ్చింది. పసుపు అడ్తి నడిపే గంగారాం సావుకారుకు ఎనభై నిండాయి. రైతుల సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే దుకాణం అది. ఈ సీజన్ అయ్యాక మూసేస్తారట. కొడుకు శ్రీనివాస్‌కు ఒక వీడియో కావాలి. మార్కెట్ యార్డు గేటు దగ్గర మొదలై, పసుపు రాశుల మధ్య నుంచి దుకాణంలోకి వచ్చి, గద్దె మీద కూర్చున్న తండ్రి ముఖం దగ్గర ఆగాలి. మధ్యలో ఎక్కడా కోత ఉండకూడదు. సుధాకర్ నన్నడగకుండానే ఒప్పేసుకున్నాడు. "నీ చెయ్యికి అదెంత పని" అన్నాడు. ఆ మాట నాకు బస్సులో చాలాసేపు గుర్తొచ్చింది.

కామారెడ్డిలో ఒక రైతు ఎక్కి పక్కన కూర్చున్నాడు. ఇందల్వాయిలో దిగాలట. సంచి వైపు చూసి, "కెమెరానా సారు? పెండ్లికా?" అన్నాడు.

"కాదు, పసుపుకు."

"పసుపుకు వీడియో ఏంది సారు! రేటు తెచ్చే మిషిన్ ఏదన్న ఉంటె తేన్రి, మేమే అద్దెకు తీస్కుంటం" అని నవ్వాడు.

ఆరున్నరకు ఆర్మూర్‌లో దిగాను. ఊరి నెత్తిన నల్లరాళ్ల గుట్ట, కింద హైవే లారీలు. బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి దొరికింది. గది శుభ్రంగానే ఉంది, కిటికీ మాత్రం గోడలోకి తెరుచుకుంటుంది. పక్క హోటల్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. రెండూ బాగున్నాయి. ఎడమచేత్తో తింటున్నానని సర్వర్ రెండుసార్లు చూశాడు.

మర్నాడు ఐదున్నరకు లేచి తలుపు గడియ పెట్టి గింబల్ సర్దడానికి కూర్చున్నాను. మోటార్లు వేయకముందే కెమెరాను బరువు సరిచూసి నిలపాలి. ముందుకు వాలితే కెమెరా కింది పలకను వెంట్రుకంత వెనక్కి జరపాలి, ఒక పక్కకు ఒరిగితే ఇంకో మర వదులు చేయాలి. సరిగ్గా కుదిరితే వదిలేసినా ఎక్కడున్నది అక్కడే నిలుస్తుంది. కుదరకపోతే మోటార్లు మూలుగుతాయి, కాసేపటికి తల వేలాడేస్తాయి. ఒకప్పుడు ఈ పని ఐదు నిమిషాల్లో, కబుర్లు చెబుతూ చేసేవాణ్ని. ఆ రోజు యాభై నిమిషాలు పట్టింది. ఒక మర మంచం కిందికి పోతే మోకాళ్ల మీద వెతికాను. నా మీద నాకే జాలేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది.

ఎనిమిదికి యార్డుకు చేరాను. షెడ్ల కింద పసుపు కొమ్ములు రాశులు పోసి ఉన్నాయి. గాలి నిండా దుమ్ము, ఘాటు. కొనేవాళ్లు ఒక కొమ్ము తీసి పటుక్కున విరిచి లోపలి రంగు చూస్తున్నారు, ఆ చప్పుడు కూడా వింటున్నారు. శ్రీనివాస్ ఎదురొచ్చి చాయ్ ఇప్పించాడు. దుమ్ము పోకుండా మోటార్ల చుట్టూ పలచటి పాలిథిన్ కట్టాను. మీరెవరైనా ఇక్కడ కెమెరా తీస్తే అది మరిచిపోకండి.

మొదటిసారి షాట్ చెడింది. గింబల్ పట్టుకున్నప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, మడమ మెల్లగా ఆనించి నడవాలి. చేతి కుదుపు మోటార్లు చూసుకుంటాయి కాని అడుగు కుదుపు మనమే చూసుకోవాలి. నేనలా వంగి నడుస్తుంటే పసుపు జల్లెడ పడుతున్న ఒకామె, పేరు రూతమ్మట, జల్లెడ కింద పెట్టేసింది.

"ఏందే సారు గట్ల నడుస్తున్నడు, కాలుల ముల్లు ఇరిగిందా?" అంది పక్కామెతో.

అంతలో హమాలీలందరూ పని ఆపి, బట్టలు దులుపుకుని, చేతులు కిందికి జారవేసి వరసగా నిలబడ్డారు. నేను ఫొటో తీస్తున్నాననుకున్నారు. నేను ముందుకు పోయిన కొద్దీ ఆ ముందు వాళ్లు కూడా లేచి నిలబడుతున్నారు. యార్డంతా మౌనం పాటించినట్టయింది.

"అమ్మా, మీ పని మీరు చేసుకోండి, నేను లేననుకోండి" అన్నాను.

"లేరనుకుందామంటె ఎదురుంగనే ఉంటిరి" అంది రూతమ్మ. అయినా జల్లెడ ఎత్తుకుంది.

రెండోసారి కుదిరింది. గేటు నుంచి రాశుల మధ్యకు, బస్తాలు కుట్టేవాళ్ల పక్కనుంచి, మూడు మెట్లెక్కి గద్దె దగ్గరకు. నాలుగు నిమిషాలు. గంగారాం సావుకారు తల కూడా ఎత్తలేదు, కొమ్ము విరుస్తూ కూర్చున్నాడు. తెర మీద బొమ్మ నీళ్ల మీద పడవలా సాగింది. ఆపాక చూసుకుంటే కర్ర పట్టిన నా మణికట్టు అదురుతోంది. చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు పెద్దాయన పిలిచాడు.

"ఇంకోటి తియ్యాలె బిడ్డా. ఇప్పుడు రేట్లంత కంప్యూటర్ల ఏస్తున్నరు. ఎనకట మా బేరాలు తువ్వాల కింద. చేతి ఏళ్లు పట్టి రేటు చెప్పుకుందుము. సుట్టూ నూరుమంది ఉన్నా ఎవ్వలికి తెల్వకపోవు. గా పద్ధతి కూడ ఉండాలె వీడియోల."

అవతలి చెయ్యి పెట్టడానికి ఎవరినైనా పిలుద్దామంటే, ఆ పద్ధతి తెలిసిన వాళ్లు యార్డులో లేరు. "నువ్వే పెట్టు, నేను నేర్పుత" అన్నాడు. గింబల్‌ను చిన్న స్టాండు మీద నిలబెట్టి రికార్డింగ్ వేశాను. వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని ఎడమచెయ్యి చాపాను.

"ఎడమ చెయ్యితోని బేరమా? శుభమా అని గద్దె మీద కూసున్న. కుడిది తియ్యి."

శ్రీనివాస్ నవ్వాడు. మెట్ల మీద రూతమ్మా, నలుగురు హమాలీలూ చేరి చూస్తున్నారు. తప్పించుకునే దారి లేదు. కుడిచెయ్యి ఇచ్చాను. ఆయన భుజం మీది తువ్వాల తీసి రెండు చేతుల మీదా కప్పి, నా నాలుగు వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకుని ఆగిపోయాడు. అరవై ఏళ్లు వేళ్లు చదివిన చెయ్యి అది.

"ఎప్పటిసంది?" అన్నాడు, నాకొక్కడికే వినపడేలా.

"ఎనిమిది నెలలు."

"ఇంట్ల తెలుసా?"

"నా భార్యకు తెలుసు. పార్ట్‌నర్‌కు తెలియదు."

ఆయన వేళ్లు వదల్లేదు. చూసేవాళ్లకు బేరం సాగుతున్నట్టే ఉంది.

"తువ్వాల అందరికెల్లి దాసుడుకే బిడ్డా. గని పాట్నర్ చెయ్యి కూడ దీని కిందనే ఉండాలె. గదే మా కట్టుబాటు. ఒక్కపారి నేను మా పాట్నర్‌కు తెల్వకుంట బేరం తెంపిన. లాభమే వచ్చింది. నలభై ఏండ్లయె, ఆ ఇంటోళ్లు మా ఇంట్ల చెయ్యి కడుగలే. ఆయన పోయినప్పుడు నన్ను వాకిట్ల కూడ నిలవడనియ్యలే."

చెప్తుంటే ఆయన కళ్లు తడయ్యాయి. తర్వాత తల ఎత్తి, "తెగింది బేరం!" అని అందరికీ వినపడేలా గట్టిగా అన్నాడు. హమాలీలు నవ్వారు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని సంచి కిందికి పెట్టుకునేదాకా ఆయన తువ్వాల తీయలేదు. అంత మర్యాద నాకు ఈ మధ్య ఎవరూ చేయలేదు.

రెండున్నర బస్సుకు బయల్దేరాను. కిలో పసుపు కొమ్ములు కట్టి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. కామారెడ్డి దాటాక చాయ్ కోసం బస్సు పావుగంట ఆపారు. నేను దిగి, కొంచెం పక్కకు పోయి సుధాకర్‌కు ఫోన్ చేశాను. షాట్ బాగా వచ్చిందని చెప్పి, ఆ ఊపులోనే చెయ్యి సంగతి కూడా చెప్పేశాను.

"ఏ చెయ్యి?" అన్నాడు సుధాకర్.

"కుడి."

"అంటే కార్తీకమాసం పెండ్లిళ్లన్నీ గట్లనే తీసినవా? ఒకవేళ మంగళసూత్రం కాడ చెయ్యి ఆగకపోతె ఏం జవాబు చెప్పేటోళ్లంరా మనం? నాకు చెప్పొద్దా?"

"చెప్తే కెమెరా తీసుకుంటావని."

"తీస్కుంట" అన్నాడు. "తీస్కుంటరా. ఏం చేస్త మరి? రేపు దవాఖానకు పోదాం, నేను కూడ వస్త." ఫోన్ పెట్టేశాడు.

బస్సు కదిలేలోపే, బుకింగులు రాసుకునే మా ఇద్దరి ఫోన్ లిస్టు మారింది. శుక్రవారం పెళ్లికి కెమెరా ఎదురుగా నా పేరు పోయి ఇంకొకరి పేరు వచ్చింది. నా పేరు ఎడిటింగ్‌లోకి చేరింది. ఎనిమిది నెలలు నేను భయపడ్డ పని చాయ్ చల్లారేలోపు అయిపోయింది. చెప్పుకుంటే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు. దుఃఖం వచ్చింది, అంతే. సుధాకర్ మీద కోపం మాత్రం రాలేదు.

ఆర్మూర్ ఎలా ఉందని ఎవరైనా అడిగితే, చూడదగ్గ ఊరేనని చెప్తాను. పసుపు వచ్చే నెలల్లోనే పోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పోవాలనుకుంటే తొందరగా పోండి. ఆ గద్దె ఈ సీజన్‌తో సరి, నా కెమెరా కూడా అంతే.

తూప్రాన్ దాటాక దాహమేసింది. పక్క సీట్లో అంగన్‌వాడీ టీచరు, మేడ్చల్‌లో దిగాలట. సీసా మూత తిప్పబోతే రాలేదు, లోపల నీళ్లు తొణుకుతున్నాయి. చెయ్యి దాచుకునే ఓపిక నాకిక లేదు.

"చలిజరమా అన్నా?" అందామె.

"కాదమ్మా. నా చెయ్యి వణుకుతుంది. ఇక ఇంతే."

"అట్లనా" అని సీసా తీసుకుని మూత తిప్పి ఇచ్చింది. నేను తాగుతున్నంతసేపూ సీసా అడుగున తన చెయ్యి ఆనించి పట్టుకుంది. నేను వద్దనలేదు.